ఛాతీ ఒక్కటే పెరిగింది

మాస్టరు అంటే ఆ వీధిలో ఎవరికైనా కటింగ్ మాస్టరే. పిల్లలకు పాఠాలు చెప్పే మాస్టర్లు ఇద్దరు ముగ్గురున్నా, వాళ్లను బడి మాస్టర్లని విడమరచి చెప్పుకోవాల్సిందే. ఉత్తి మాస్టరు మాత్రం మెడలో టేపు, చెవి వెనక పెన్సిలు, చేతిలో మూరెడు కత్తెరతో గుడ్డ ముందు నిలబడే ఈయనే. ముప్పై ఏళ్లలో ఒక్క గుడ్డ పాడుచేశాడన్న మాట పడలేదు. మనిషన్నాక ఏదో ఒక గర్వం ఉండాలి కదా, ఆయనకు అదొక్కటే ఉంది.

ఆయన భార్యను కాజాలక్క అంటారు. బొత్తాం కాజాలు ఆమె కుడితే లోపలివైపేదో బయటివైపేదో పోల్చుకోలేం. అసలు పేరు ఫారాలు నింపేటప్పుడు తప్ప ఆమెకే గుర్తురాదు. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు, మధ్యలో కోటు గుడ్డల ముక్కలు అతికి కుట్టిన తెర. ఇస్త్రీ బల్ల దగ్గర ఆమె తమ్ముడుంటాడు. మాస్టరు వాణ్ణి రోజుకు వందసార్లు "ఒరేయ్ బామ్మర్దీ" అని పిలిచీ పిలిచీ, చివరికి బట్టలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్లూ వాణ్ణి అదే పేరుతో పిలవడం మొదలుపెట్టారు.

"మీ అందరికీ నేను బామ్మర్దినెలా అవుతానయ్యా? నాకున్నది ఒక్క అక్కేగా!" అని వాడు గొంతు చించుకునేవాడు.

అలా నవ్వుకుంటూ బాగానే ఉండేది. నాలుగేళ్ల కిందట మాస్టరుకు దగ్గు పట్టుకుంది. దగ్గు కాస్త తగ్గి ఆయాసం వచ్చింది. ఆయాసం మాత్రం వచ్చినదారిన పోలేదు. ఛాతీ ఆసుపత్రిలో డాక్టరమ్మ ఫొటోలు తీయించి, గొట్టంలో ఊదించి, "మీ ఊపిరితిత్తులు మీకన్నా ఇరవై ఏళ్లు ముసలివైపోయాయి మాస్టారూ. పోయింది తిరిగి రాదు. సిగరెట్టు మానేస్తే ఉన్నది నిలబడుతుంది" అంది. పీల్చే మందు రాసిచ్చింది.

"మానేశాను" అన్నాడు మాస్టరు ఆ రోజే, ఆసుపత్రి మెట్లు దిగుతూ. ఆ మాట తర్వాత నాలుగేళ్లు అంటూనే ఉన్నాడు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, దాచడంలో ఆయనంత పనివాడు లేడు. భుజాల్లో పెట్టే మెత్తల మధ్య దాచేవాడు, పాత కొలతల పుస్తకాల అట్టల్లో దాచేవాడు, కోటు లోపలి అస్తరులో దాచేవాడు. ఒకసారి దాచినచోటు మరిచిపోయి, కోటు కాస్తా కస్టమరుకు ఇచ్చేశాడు. ఆ పెద్దమనిషి మర్నాడు నవ్వుకుంటూ వచ్చి, "మాస్టారూ, కుట్టుకూలిలో ఇది కూడా కలిసిందా?" అని లోపలి జేబులోంచి సిగరెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. బామ్మర్ది పగలబడి నవ్వాడు. కాజాలక్కకు నవ్వు రాలేదు. పిచ్చిదానిలా ఇల్లంతా వెతికింది. ఎక్కడా దొరకలేదు. పది రోజుల తర్వాత, ఎవరిదో నల్ల కోటు కోసమని పై అరలోంచి నల్లదారం పెద్ద కండె దించితే, దాని బోలులో మూడు సిగరెట్లు బుద్ధిగా నిలబడి ఉన్నాయి.

"ఇవేమిటండీ?"

"అవి పాతవే. ఎప్పుడో పారేశాననుకున్నా" అన్నాడు మాస్టరు, చేతిలో గుడ్డ వంకే చూస్తూ. అబద్ధమాడేటప్పుడు ఆయన గుడ్డ వంక చూస్తాడు. పాతికేళ్ల కాపురంలో ఆమె కనిపెట్టింది అదే.

ఆమె నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆయన విన్నాడు. విన్నంతసేపూ విని, పెరట్లోకి వెళ్లి ఒకటి కాల్చి వచ్చాడు. అప్పుడామె ఒంటికాలి మీద లేచింది.

"నేనింత మొత్తుకుంటుంటే మళ్లీనా? సిగ్గనేది లేదా మీకు?"

"నువ్వు అరిస్తే నాకు ఆయాసమొస్తుంది" అన్నాడాయన, కుర్చీలో కూలబడి, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ. "ఆయాసమొస్తే భయమేస్తుంది. భయమేస్తే అది కావాలనిపిస్తుంది. నేనేం చెయ్యనే?"

"సరే, అరవను. ఇవాళ్టి నుంచి అసలు మాట్లాడను."

"నువ్వు మాట్లాడకపోతే ఇంకా భయం."

"మరి నన్నేం చెయ్యమంటారండీ? నోరు కుట్టేసుకోనా?"

"కుట్టుకో. కాని ఒక కాజా వదులు, టీ తాగడానికి."

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ మనిషితో వచ్చిన చిక్కే అది. కోపం పూర్తిగా తెచ్చుకోనివ్వడు. 

ఈ వేసవి చివర్లో మాస్టరు బల్ల దగ్గర నిలబడి కత్తిరించడం కూడా కష్టమైంది. నాలుగడుగులేస్తే పెదాలు నీలంగా మారుతున్నాయి. డాక్టరమ్మ వేలికి క్లిప్పు పెట్టి చూసి, నిట్టూర్చి, ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకోవాలంది. ఆసుపత్రే ఇస్తుంది. కాని ఒక షరతు. సిగరెట్టు కాల్చే ఇంటికి ఇవ్వరు. "ఆక్సిజన్ ఉన్నచోట ఒక్క నిప్పురవ్వ పడిందంటే ఇల్లు అంటుకుంటుంది. పైగా మీ ఇంటినిండా గుడ్డలేగా! ఆరు వారాలు పూర్తిగా మానేసి రండి. ఊదుడు పరీక్ష చేసి, కాగితం మీద సంతకం పెట్టించుకుని ఇచ్చేస్తాం" అంది.

ఇంటికి రాగానే మాస్టరు జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసి, భార్య చేతిలో పెట్టాడు. ఆ పూట ఆయన గుడ్డ వంక చూడలేదు. ఆమె మొహంలోకి చూశాడు.

"ఈసారి నిజంగానే" అన్నాడు.

కాజాలక్క తన కుట్టుమిషను పక్కన మూల ఖాళీ చేసింది. అక్కడుండే చెక్కపెట్టెను వెనక గదిలోకి ఈడ్పించింది, తుడిచింది, గోడకు ప్లగ్గు బిగించడానికి మనిషిని పిలిపించింది. బామ్మర్ది చేతులు నడుముకు పెట్టుకుని చూశాడు.

"బాగుందక్కా. ఒక మిషను నువ్వు తొక్కు. రెండో మిషను బావని తొక్కుతుంది."

"నీ నోట్లో మన్ను పడ" అంది గాని, ఆమెకు హాయిగా ఉంది. ఆ మూల చూసుకుంటే చాలు, ధైర్యం వచ్చేది.

మొదటి వారం మాస్టరు కాలు గాలిన పిల్లిలా తిరిగాడు, తిరగడానికి ఊపిరి చాలక కూర్చున్నాడు, కూర్చోలేక లేచాడు. ఆసుపత్రిలో సిస్టర్ నేర్పిన ఊపిరి పద్ధతి ఒకటుంది. ముక్కుతో మెల్లగా పీల్చి, పెదాలు చిన్నగా బిగించి, అంతకు రెట్టింపుసేపు వదలాలి. సూదిలో దారం ఎక్కించేముందు దారపు కొస మీద ఊదినట్టు. కాజాలక్క పని ఆపి ఆయన ఎదురుగా కూర్చుని తనూ చేసేది.

"ఇది నాకు కొత్తేం కాదే" అన్నాడు ఒకరోజు. "సిగరెట్టు కాల్చేటప్పుడు నేను చేసింది ఇదేగా! మెల్లగా లోపలికి, మెల్లగా బయటికి. రోజు మొత్తంలో నేను నిదానంగా ఊపిరి తీసేది అప్పుడే."

"చెయ్యండి, చెయ్యండి, మాటలొద్దు" అంది.

మూడో వారంలో పెద్ద దెబ్బ తగిలింది. ఎవరిదో పెళ్లి కోటు, ఖరీదైన చారల గుడ్డ. మాస్టరు చేతులు ఆ రోజు సన్నగా వణుకుతున్నాయి. అయినా కత్తిరించాడు. సాయంత్రం ముక్కలు జత చేయబోతే రెండు చేతులూ ఎడమవే! గుడ్డ తిరగేయకుండా రెండుసార్లు ఒకేవైపు కోసేశాడు. నిన్నగాక మొన్న పని నేర్చుకున్నవాడు చేసే పొరపాటు. బామ్మర్దికి నోరు ఊరుకోదు. "రెండు ఎడమ చేతులున్న పెళ్లికొడుకుని వెతకాలి బావా" అన్నాడు. అని, బావ మొహం చూసి, తన నోరు తనే తిట్టుకున్నాడు.

మాస్టరు ఆ రెండు ముక్కలనూ ఒడిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఛాతీ ఎగసిపడుతోంది. కాజాలక్క కళ్లల్లో వత్తులు వేసుకుని చూస్తోంది, ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు పెరటి తలుపు తీస్తాడు అని. ఆయన లేవలేదు. ముక్కుతో పీల్చి, పెదాలు బిగించి వదిలాడు. అలా ఇరవైసార్లు. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నా ఆపలేదు. ఆ రోజు ఆమెకు ఆ మనిషంటే ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేం. పెళ్లయిన కొత్తలో కూడా అంత లేదు.

ఆయన్ని ఉత్సాహపరచాలని కొలతల పుస్తకం తీసింది. దర్జీ ఇంట్లో మనిషి ఎలా ఉన్నాడో చెప్పేది టేపే కదా! పదేళ్ల కిందట ఆయనకు చొక్కా కుట్టినప్పుడు తనే రాసుకున్న కొలతలున్నాయి. టేపు తీసుకుని నిలబెట్టి కొలిచింది. మెడ తగ్గింది. దండచెయ్యి తగ్గింది. నడుమైతే నాలుగంగుళాలు లోపలికి పోయింది. ఆఖరికి ఛాతీ దగ్గరకొచ్చింది. అప్పుడు ముప్పై ఆరు. ఇప్పుడు ముప్పై తొమ్మిది. మళ్లీ కొలిచింది. ముప్పై తొమ్మిదే.

"ఏమండోయ్! ఛాతీ మూడంగుళాలు పెరిగింది!"

"టేపు సాగిపోయిందేమో చూడు."

"టేపుకేమీ కాలేదు. మందు పనిచేస్తోంది. మీరు మానేశారుగా, లోపల విచ్చుకుంటోంది!"

మాస్టరు తనే టేపు తీసుకుని కొలుచుకున్నాడు. ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల ఛాతీలు కొలిచినవాడు, ఆయన చెయ్యి తప్పదు. ముప్పై తొమ్మిది. మొహం వెలిగిపోయింది. "ఒరేయ్ బామ్మర్దీ, ఇలా రా, చూడు. పహిల్వాను ఛాతీరా ఇది" అన్నాడు. వాడు వచ్చి కొలిచి, "ఒళ్లంతా పోయినా ఇదొక్కటి పెరిగిందంటే గట్టి ప్రాణం బావా నీది" అన్నాడు. ముగ్గురూ టీ తాగారు. పెళ్లి కోటు గుడ్డ సంగతి ఆ పూటకు మరిచిపోయారు.

కాజాలక్క ఆ ముప్పై తొమ్మిదికి కొత్త చొక్కా కుట్టింది. లేత నీలం రంగు. కాజాలు ఎంత శ్రద్ధగా కుట్టిందంటే, ఒక్కొక్కదానికి పావుగంట పట్టింది. పరీక్ష రోజు తొడుక్కోవడానికి.

నలభై రెండు రోజులు గడిచాయి. ఆమె జేబులు వెతకడం మానేసి చాలా రోజులైంది. వెతకాల్సిన అవసరం లేదని ఆమెకు తెలుసు. ఆయన వొంటికి ఇప్పుడు సబ్బు వాసన, ఇస్త్రీ వాసన తప్ప ఇంకేమీ లేదు.

ఆ ఉదయం బామ్మర్దిని దుకాణంలో ఉంచి, ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. పొడుగాటి వరండా, గోడ వెంబడి బెంచీలు, బెంచీల నిండా దగ్గులు. వీళ్ల చీటీ మీద పదిహేడు అని ఉంది. లోపల పదకొండో నంబరు నడుస్తోంది. సిస్టర్ ఒకామె ఒక్కొక్కరినే పిలిచి బరువు చూసి రాసుకుంటోంది. మాస్టరు బరువు ఇంకో రెండు కిలోలు తగ్గింది.

"తిండి తినడం లేదా?" అంది సిస్టర్.

కాజాలక్కకు రోషం వచ్చింది. అంత కష్టపడ్డ మనిషిని పట్టుకుని ఆ మాటేమిటి! "బరువు తగ్గితే తగ్గారు గాని, ఛాతీ మూడంగుళాలు పెరిగిందండీ. నేనే కొలిచాను. ఇదుగో, చొక్కా కూడా కొత్త కొలతకే కుట్టా" అంది గర్వంగా.

సిస్టర్ రాస్తున్నది ఆపకుండానే, "అది మంచిది కాదమ్మా" అంది. "ఈ జబ్బులో అంతే. లోపలికెళ్లిన గాలి సరిగ్గా బయటికి రాదు. అక్కడే ఉండిపోయి ఛాతీ డబ్బాలా ఉబ్బిపోతుంది. పద్దెనిమిదో నంబరు ఎవరూ?"

ఆమె చెడ్డగా చెప్పలేదు. రోజుకు ఇరవైమందికి చెప్పే మాట, అలాగే చెప్పేసి పక్క మనిషిని పిలిచింది. కాజాలక్క వెనక్కి తిరిగి చూస్తే, మాస్టరు తన చొక్కా బొత్తాం ఒకటి వేళ్లతో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అంటే నలభై రెండు రోజులూ..." అన్నాడు. మాట పూర్తికాలేదు.

ఆయాసం ఎప్పుడూ మెల్లగా ఎక్కేది. ఈసారి ఒక్కసారిగా వచ్చిపడింది. బెంచీ మీద కూర్చోబెట్టింది. పీల్చే మందు పట్టింది. రెండోసారి పట్టింది. ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, "ముక్కుతో, మెల్లగా, నాతో పాటు" అంది. ఆయన కళ్లు ఆమెను చూడటం లేదు. వేళ్లు చొక్కాను మెడ దగ్గర లాగుతున్నాయి. చల్లటి చెమటలు. సిస్టర్ వచ్చి వేలికి క్లిప్పు పెట్టి చూసి, "ఆక్సిజన్ ఎప్పుడూ ఉండేంతే ఉంది, భయపడుతున్నారు అంతే, కాసేపట్లో సర్దుకుంటుంది" అని వెళ్లింది. భయమే అయితే మాత్రం? భయపడే మనిషికి ఊపిరాడుతోందా ఏమిటి!

"ఇంటికి పోదాం" అన్నాడు.

"అదేమిటండీ? ఇంకా నాలుగు నంబర్లే."

"నేను ఊదలేను. ఊదితే ఇంకా ఏం చెబుతారో. పోదాం."

"మిషను వద్దా? మూల ఖాళీ చేసి పెట్టానుగా!"

ఆయన లేచాడు. రెండడుగులు గేటు వైపు వేసి, గోడ పట్టుకుని ఆగిపోయాడు. ఆమె భుజం పట్టుకుంది. అప్పుడు అన్నాడు, చిన్నపిల్లాడిలా, ఆమెకు మాత్రమే వినిపించేలా.

"ఒక్కటివ్వు. ఒక్కటంటే ఒక్కటి. లోపలికొస్తా. ఊదుతా. నీ మీద ఒట్టు. లేకపోతే నన్ను తీసుకుపో, నేనిక్కడ ఉండలేను."

"మీకేమైనా పిచ్చా?" అంది. అంటూనే గేటు వైపు చూసింది. ఛాతీ కొలత సంగతి ఎత్తింది తనే. ఆ నోరు జారకుండా ఉంటే ఈ మనిషి ఇప్పుడు బెంచీ మీద కొత్త చొక్కాలో కుదురుగా కూర్చుని ఉండేవాడు. ఇప్పుడు వెనక్కి పోతే ఆరు వారాలూ గంగపాలే. నలభై రెండు రోజులు మానేసిన మనిషి నలభై మూడో రోజు ఒక్కటి కాలిస్తే ఏం మునిగిపోతుంది? ఊదుడు పరీక్షలో చూసేది బలమేగా, ఎంత గట్టిగా ఊదుతాడని! అలా అనుకుంది. ఆమెకు తెలిసిందంతే.

గేటు బయట చిన్న దుకాణం ఉంది. ఆయన తాగే రకం పేరు ఆమెకు కంఠతా వచ్చు, నాలుగేళ్లు ఆయన జేబుల్లోంచి తీసి పారేసిందేగా! జీవితంలో మొదటిసారి అడిగింది.

"ఒకటివ్వండి."

"విడిగా అమ్మమమ్మా. పెట్టె తీసుకోండి."

పెట్టె తీసుకుంది. అగ్గిపెట్టె కూడా అడిగి తీసుకుంది.

సైకిళ్లు పెట్టే షెడ్డు వెనక మాస్టరు కాల్చాడు. మొదటి దమ్ముకు దగ్గాడు. రెండో దమ్ముకు భుజాలు దిగాయి. మెల్లగా లోపలికి, మెల్లగా బయటికి. వేళ్ల వణుకు తగ్గింది. చూపు నిలబడింది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆమెకూ ప్రాణం కుదుటపడింది. అందుకు ఆమె తన్ను తాను ఎన్నటికీ క్షమించుకోలేదు.

"పద. ఇప్పుడు ఊదుతా" అన్నాడు మాస్టరు, చొక్కా సర్దుకుని.

పదిహేడో నంబరు పిలిచేసరికి ఇద్దరూ తలుపు దగ్గరే ఉన్నారు. పరీక్షలు చేసే కుర్రాడు పెద్ద గొట్టం పక్కన పెట్టి, సొరుగులోంచి చేతిలో ఇమిడేంత చిన్న పెట్టె ఒకటి తీశాడు.

"ముందు దీన్లో ఊదండి."

"ఇదేమిటి బాబూ? కిందటిసారి లేదే" అంది కాజాలక్క.

"మిషను కోసం వచ్చినవాళ్లకే చేస్తామమ్మా. పొగ తాగారో లేదో చెబుతుంది."

మాస్టరు ఆమె వంక చూశాడు. ఆయన ఊదాడు, చెప్పిన మాట ప్రకారం, ఉన్న బలమంతా పెట్టి. చిన్న పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది.

డాక్టరమ్మ కాగితం చూసి కళ్లజోడు తీసింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"నలభై రెండు రోజులన్నారే మాస్టారూ."

మాస్టరు బల్ల మీద పరిచిన గుడ్డ వంక చూశాడు.

"ఆయన నిజంగానే మానేశారు మేడమ్!" అంది కాజాలక్క. "ఇవాళే, ఇప్పుడే, భయపడిపోయి... నేనే కొనిచ్చాను. తప్పు నాది. ఆయన్ని ఏమీ అనకండి."

"అమ్మా, ఇక్కడికొచ్చే ప్రతి ఇల్లాలూ ఈ మాటే చెబుతుంది. మీ బాధ నాకు తెలుసు."

"అబద్ధం కాదు మేడమ్! కావాలంటే చూడండి" అని సంచిలోంచి సిగరెట్టు పెట్టె తీసి బల్ల మీద పెట్టేసింది. పక్కన అగ్గిపెట్టె. "ఇదుగో, ఇప్పుడే కొన్నది. ఒక్కటే తీశాను. తొమ్మిదున్నాయి, లెక్కపెట్టుకోండి!"

డాక్టరమ్మ ఆ పెట్టె వంకా, ఆమె వంకా చూసింది. ఆ చూపు అర్థమయ్యాక గాని, తను చేసిందేమిటో కాజాలక్కకు తెలియలేదు. సిగరెట్లు, అగ్గిపెట్టె ఇంటి ఇల్లాలి సంచిలోనే ఉంటే, ఆ ఇంటికి మిషను ఎవరిస్తారు?

"మూడు నెలల తర్వాత రండి" అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "నాకూ ఇవ్వాలనే ఉంది. ఆ గుడ్డలన్నీ తగలబడి మీకేమైనా అయితే నేనేం చెయ్యను? నా చేతుల్లో లేదమ్మా. ఇవి తీసుకెళ్లి దారిలో పారేయండి."

దారిలో మూడు చెత్తకుండీలు వచ్చాయి. మూడింటి దగ్గరా కాజాలక్క సంచిలో చేయి పెట్టింది. మూడుసార్లూ ఉత్త చేయే బయటికి తీసింది. మూడు నెలలు! ఇందాకటిలాంటిది ఈ మూడు నెలల్లో మళ్లీ వస్తే? దాన్ని పీల్చే మందు ఆపలేదు, తన ఊపిరి పద్ధతి ఆపలేదు, సిస్టర్ ఆపలేదు. ఆపింది ఇదొక్కటే. అలా అనుకోవడం తప్పని తెలుసు, పాపమని తెలుసు, ఆయన్ని ఇక్కడికి తెచ్చింది అదేనని తెలుసు. తెలిసీ పారేయలేకపోయింది.

దుకాణంలో బామ్మర్ది ఆ మూలను మరోసారి తుడిచి, కిందికి పాత కోటు గుడ్డ మడిచి పరిచి ఉంచాడు.

"మిషను ఎప్పుడొస్తుంది బావా?"

"రాదురా. నేను తాగేశాను" అన్నాడు మాస్టరు, కుర్చీలో కూర్చుంటూ. "మీ అక్క వద్దని మొత్తుకుంది. నేనే వినలేదు."

"తాగావా? పరీక్ష పెట్టుకునా?" వాడికి ఎక్కడలేని కోపం వచ్చింది. "సిగ్గులేదా బావా? అక్క నీకోసం ఎంత చేసిందో చూశావా? ఆరు వారాల నుంచి కంటిమీద కునుకుందా దానికి?"

"లేదు. నిజమే. తిట్టు."

"తమ్ముడూ, అది కాదురా..." అని కాజాలక్క నోరు తెరిచింది. మాస్టరు ఆమె వంక చూశాడు. ఒక్క చూపే. నోరు కుట్టేసుకోమన్నట్టు చూసి, దాని వెనకే చిన్నగా నవ్వాడు. ఆమె తెర వెనక్కి వెళ్లి, చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చేసినదానికి తిట్లు తినే అదృష్టం కూడా ఆమెకు లేకపోయింది.

సాయంత్రం ఆయన నీలం చొక్కా విప్పి, మడిచి, ఆమె చేతికిచ్చాడు. "కాజాలు బాగా కుదిరాయి" అన్నాడు. ఆపైన అడిగాడు. "ఆ తొమ్మిదీ ఏం చేశావు?"

"పారేశాను" అంది కాజాలక్క, చేతిలో చొక్కా వంకే చూస్తూ.

"మంచిపని చేశావు. ఉంటే అడుగుతాను. ఇక అడగడానికి లేదు" అన్నాడు. నమ్మాడు. పాతికేళ్లలో ఆమె ఆయనతో ఎన్నడూ అబద్ధమాడలేదు మరి.

అప్పటికే అవి పై అరలో, నల్లదారం కండె బోలులో ఉన్నాయి. అంత ఎత్తుకు ఆయన ఇప్పుడు ఎక్కలేడు. పైగా అది ఆయన పాత చోటు, ఆమెకు దొరికిపోయిన చోటు. అక్కడ ఆయన వెతకనే వెతకడు.

మర్నాడు మధ్యాహ్నం పని మామూలుగానే మొదలైంది. బామ్మర్ది ఇస్త్రీ బట్టలు ఇచ్చి రావడానికి వెళ్లాడు. మాస్టరు బడి పిల్లల యూనిఫాం గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీశాడు. కత్తెర తీసుకున్నాడు. ఎందుకో ఆగి, గుడ్డ తిరగేసి చూశాడు, మళ్లీ తిరగేశాడు. ఏది కుడో ఏది ఎడమో ఒక్కక్షణం తేల్చుకోలేకపోయాడు. కత్తెర బల్ల మీద పెట్టేశాడు. ఆయన శ్వాస మారడం కాజాలక్క ముందు చెవులతో విన్నది, ఆ తర్వాతే తలెత్తి చూసింది.

మందు పట్టింది. ఎదురుగా నిలబడి పెదాలు బిగించి ఊది చూపించింది. ఆయన ఊదడానికి ప్రయత్నించాడు. నిజంగానే ప్రయత్నించాడు. నిన్నటి చెమటే మళ్లీ నుదుటి మీద పట్టింది. ఆయన కళ్లు గది మూలకు వెళ్లాయి. అక్కడ మడత పెట్టిన గుడ్డ, గోడకు కొత్త ప్లగ్గు, అంతే.

ఆయన అడగలేదు. అడిగి ఉంటే లేదని చెప్పేది. అరిచేది, ఏడ్చేది, కాళ్లు పట్టుకునైనా ఆపేది. అడగడానికి లేదని నమ్మిన మనిషి బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని, ఆమె వంక చూస్తూ ఉండిపోయాడు.

కాజాలక్క కుట్టుమిషను ముందున్న స్టూలు తీసుకెళ్లి, నల్లదారం కండె ఉన్న పై అర కింద వేసుకుని, పైకెక్కింది.